మార్జాలరాజ్ఞి బంగారి ఆటకు లేచిన వైనము

వినుడు, మహాజనులారా! కృష్ణకును మూసీకిని నడుమ, ఎర్రచెల్కలును నల్లరాతి గుట్టలును ఒండొంటి నొరసికొను నల్లగొండ సీమయందు, బత్తాయి తోటల పరిమళమును పత్తి లారీల దుమ్మును సరిసమానముగా పీల్చుచు వర్ధిల్లు గట్టుప్పల్ గ్రామమున, ప్రత్యేక రాష్ట్రము సిద్ధించి పుష్కరకాలము నిండవచ్చుచున్న శుభసమయమున, వానలు వెనుదిరిగి చలి యింకను గడప త్రొక్కని ఆశ్వయుజాంతమున, ప్రభాతభానుడు పద్మశాలివాడ రేకుల కప్పులపై లేయెండను ఆరవేయుచుండగా, కోళ్లు కూసి, నల్లా కాడ బిందెల సంకులసమరము సద్దుమణిగి, నేతకాడు నరసింహ గుంట మగ్గమున కాళ్లు దించి ఆనాటి మొదటి పోగు వేయుచుండగా, ఒక పిల్లి గోడగూటిలోనికి ఎగురబోయి ఎగురలేకపోయెను.

ఆ పిల్లిని సామాన్య మార్జాలముగా నెంచువారు ఈ గాథను ఇక్కడనే కట్టిపెట్టి తమ తమ పనులకు పోవచ్చును. దాని పేరు బంగారి. తెలంగాణ వచ్చిన యేడే పుట్టినది కావున దాని వయస్సు చెప్పుటకు వాడలో ఎవరికిని తడుముకొను పని లేదు. అది మూషకకులప్రళయకారిణి; బల్లిబృందభయంకరి; పొరుగింటి పరశురాం పెంచిన పందెపు పుంజును పట్టపగలు వేపచెట్టెక్కించిన మహాయోధ. యౌవనమున అది పెరటిగోడనుండి రేకుల కప్పుమీదికి ఒక్క దుముకున లంఘించిన చప్పుడుకు, వాన వచ్చినదని ఇంటిల్లిపాది బట్టలు తీయ పరుగెత్తిన దినములు కలవు. అట్టి వీరాంగన, మోకాలెత్తు గూటి ముందర నిలిచి, ముందరికాళ్లు గోడకు మోపి, వెనుకకాళ్లు ఎత్తనెంచి, ఎత్తలేక, కొంతసేపట్లే నిలిచి, తానసలు ఎగురదలచుకొననేలేదన్నట్లు మొగము ప్రక్కకు త్రిప్పికొని నేలమీద చతికిలబడెను.

మగ్గముమీది నరసింహ ఇది చూచెను. చూడనట్లుండుట మర్యాదయని తలచి చూడనట్లే ఉండెను. కాని ఆయన కాళ్లు తొక్కుడుపలకలపై ఆగిపోయెను.

ఎవరీ నరసింహ యందురేని, చిటికికళాధురంధరుడు. అనగా నేయుటకు ముందే నూలునకు ముళ్లు వేసి, రంగులలో ముంచి, నేసిన పిమ్మట చిలుక ముక్కు చిలుక మొగముమీదనే పడునట్లు చేయు విద్యలో ఆరితేరినవాడు. ఆయన జాతకమున ఆట యను గ్రహము లేదు. తోటివారు గోళీలాడు వయసున ఆయన మగ్గమునకు నూలు కండెలు చుట్టెను. వారు చిర్రగోనె ఆడు వయసున ఆయన గుంటలోనికి దిగెను. దిగినవాడు భోజనమునకును పెండ్లికిని తప్ప పైకి రాలేదని అండాలు చెప్పును. అండాలు ఆయన ధర్మపత్ని. పెండ్లికి వచ్చినపుడు కూడ కండె చెవిలో పెట్టుకొని వచ్చెనని ఆమె చెప్పునది మాత్రము నమ్మదగినది కాదు.

కాలక్రమమున వాడలోని మగ్గములు ఒక్కటొక్కటే మూగవోయినవి. నరసింహకు తోడు మిగిలినది గూటిలోని బంగారి. మగ్గముమీది మనిషి మాట వినువారు లోకమున అరుదు. అండాలు వినదు, ఆమెకు పని యున్నది. కోడలు రమ వినునుగాని ఫోనువంక చూచుచు వినును. బంగారి యొక్కతియే కన్నులు సగము మూసి, తోక కొన మాత్రము కదల్చుచు, నూలు నాణ్యత మొదలు సర్పంచి ఎన్నికల వరకు ఏది చెప్పినను ఎదురాడక వినును. అట్టిది లేచి తిరుగకున్న, ఆపై లేకయే పోయిన, ఈ గుంటలో ఒంటిగా పొద్దు గడుపుట ఎట్లని ఆ వృద్ధవీరుని గుండె జల్లుమనెను. ఈ మాట ఆయన ఎవరితోను అనలేదు కావున గాథయే చెప్పవలసి వచ్చుచున్నది.

అంతట ఆయన బంగారిని ఒక వెదురు గంపలో ప్రతిష్ఠించి, పైన పాత తువ్వాల కప్పి, పరశురాం మోటారుసైకిలను రథము నధిరోహించి పశువుల దవాఖానకు తరలెను. దారి పొడవున గంపలోనుండి వెలువడిన ఆర్తనాదములను వర్ణించుటకు ఈ లేఖిని చాలదు. అచ్చట డాక్టరమ్మ శైలజ, బర్రెల నడుమ తన వంతుకై వేచిన ఆ మార్జాలమును బల్లమీద పరుండబెట్టి, కాళ్లు ఒక్కొక్కటే వంచి చూచి, మందు చేతబెట్టి, అసలు సంగతి విడమరచి చెప్పెను.

"ముసలితనం రోగం కాదు తాతా, కదలకపోవుడే రోగం. కీళ్లు బిగుస్తున్నయి. గిట్లనే పండుకోనిస్తే చలికాలం నాటికి లేవకుండ అయితది. తిండి జర తక్కువ పెట్టుండ్రి. పొద్దుమాపు దాన్ని ఆడిపియ్యుండ్రి."

  ఆడించుట యనగా ఏమి చేయవలెనని నరసింహ మెల్లగా అడుగగా, ఒక దారపు కొసకు ఈక కట్టి దాని ముందర ఊపుమనియు, పిల్లి జాతికి అంతకు మించిన ఆశ లేదనియు ఆమె బోధించెను. పిల్లికి చెలగాటము ఎలుకకు ప్రాణసంకటమని లోకము చెప్పును. చెలగాటము లేక పిల్లికే ప్రాణసంకటము వచ్చుట ఈ గాథయందే కలదు.

దారమని వినగానే నరసింహకు కొండంత ధైర్యము వచ్చెను. దారము విషయమున తనకు చెప్పగలవాడు ఈ మండలమున లేడు గదా! గృహమునకు వచ్చి కాళ్లు కడుగుకొన్న తక్షణమే, పరశురాం పుంజు తోకనుండి రాలిన ఈకలలో దివ్యమైనదానిని ఏరి, నునుపైన పట్టుపోగునకు నేతముడి వేసి, బంగారి ఎదుట మోకరిల్లి, కుడిచేయి చాచి, ఇట్లు పలికెను: "ఓసి మార్జాలకులావతంసమా! నీ పంజా దెబ్బకు దద్దరిల్లిన దిక్కులు నేడు నిశ్శబ్దములై నిన్నే తలచుచున్నవి. కాలుడను శత్రువు నీ కీళ్లయందు చొరబడి కోట కట్టుచుండ నీవు నిద్రించుట తగునా? లెమ్ము! ఈ ఈకను వధింపుము! నీ పూర్వవైభవమును నిలుపుకొనుము!" ఈ మహోపన్యాసము ఆయన నోటినుండి వెలువడునపుడు "జర సూడే" అను రెండు మాటలుగా కుదించుకొనిపోయెను.

బంగారి చూచెను. ముందు ఈకను చూచెను. దాని కన్నులలో ఏదో మెరసెను. పిమ్మట దాని చూపు ఈకనుండి పోగుమీదికి ప్రాకెను. అంతట అది మర్యాదస్థుల యింట పిలువని పేరంటమునకు వచ్చినదానివలె తత్తరపడి, లేచి, పోగుకు దూరముగా జరిగి, వీపు త్రిప్పి పరుండెను.

ఇతరుడైనచో ఇక్కడ ఈకను మార్చియుండును. నరసింహ నేతకాడు, ఆయనకు తప్పు దారమునందే తోచెను. రంగు నచ్చియుండదని నిశ్చయించి, మరునాడు మగ్గము మాని, పొయ్యి రాజేసి, దారమును ఎర్రరంగులో ముంచెను. బంగారి వీపు త్రిప్పెను. నీలిలో ముంచెను. బంగారి ఆవులించెను. పసుపులో ముంచగా లేచిపోయి అటక క్రింద కూర్చుండెను. ఇక ఉపేక్షింపరాదని, ముతక నూలునకు ముళ్లు వేసి, రంగు మీద రంగు దించి, ఎటు త్రిప్పినను వంకీ వంకీతో కలియు చిటికి చెండొకటి చుట్టెను. ఆ చెండును చూచిన పరశురాం నోరు తెరచి, ఇంతటి పనితనము తమ యింటి పెండ్లిచీరకు కూడ పెట్టలేదేమని నిష్ఠూరమాడెను. చెండు నేలమీద దొరలిపోయి బంగారి ముక్కు ముందర ఆగెను. బంగారి తోక నిలువుగా నెత్తి, గుడిచుట్టు ప్రదక్షిణము చేయు ముత్తైదువువలె దానిని సాంతము చుట్టివచ్చి, తాకకుండ, వంటింటిలోనికి నడచిపోయెను.

దారము లేనివి కూడ ప్రయోగింపబడెను. కాగితపుండను విసరిరి. ఆ యింట మగ్గము లేని జాగా ఏది? ఏది విసరినను దొరలిపోయి పడుగు క్రిందనే ఆగును. బంగారి అంతవరకు వచ్చి, పడుగును చూచి, వెనుదిరుగును. రమ తన ఫోనులో నొక్కి తెప్పించిన బ్యాటరీ యెలుక వచ్చిన దినము వాడయంతయు అరుగెక్కి వేచెను. ఆ యంత్రమూషకము కన్నులెర్రజేసి, బుస్సుమని, గిరగిర తిరిగి, అండాలు కాలిమీదుగా పోయి, బియ్యపు డబ్బాను ఢీకొని, తుదకు మగ్గపు గుంటలో వెల్లకిల పడి గింగిరీలు కొట్టుచుండెను. దానిని పట్టుటకు నరసింహ గుంటలోనికి దుమికెను, పైకెగబ్రాకెను, మరల దుమికెను. బంగారి గోడవారగా పడుకొని ఈ విన్యాసములను ఆసాంతము తిలకించెను. ఈ విధముగా కొంతకాలము గడువగా ఆ గృహమున మోకాళ్ల నొప్పులు తగ్గినది నరసింహకే.

బంగారి నడక నానాటికి కురుచయ్యెను. వంటింటి గడప దాటుటకు ఆగి ఆలోచించుచుండెను. ఒకనాడు పాలగిన్నె ప్రక్కన పడుకొనియే పాలు త్రాగెను. ఆనాడు నరసింహ అన్నము సగము వదలి లేచెను.

అది చూచిన అండాలు, రాట్నము ముందర కండెలు చుట్టుచున్నది, చేయి నిలిపెను. ఆమె మితభాషిణి కాదు. కాని ఈ విషయమున ఇన్నాళ్లు నోరు మెదపక ఊరకుండినది. మగవాడు దారమునకు రంగులు మార్చుచుండగా నడుమ పోనేల యనుకొని యుండవచ్చును.

"నూలు ముట్టద్దని దానికి నేర్పిందెవరు?" అని ఆమె అడిగెను.

నరసింహ చేయి కడుగుకొనుచు పిల్లివంక చూచెను.

"నువ్వే గదా. ఇప్పుడు గదే నూలు సూపెట్టి ఆడుమంటే అదేం జెయ్యాలె? అది నీ మాట మీద నిలవడ్డది. నీకే యాదికి లేదు."

ఆ మాట బ్రహ్మాస్త్రమై తగిలెను. వృత్తాంతమేమన: బంగారి చిన్నకూనగా నున్నపుడు, ఒక పెండ్లిచీరకై చాచిన పడుగులోనికి దుమికి, ఆడి, చుట్టుకొని, విడదీయుటకు ఇల్లంతయు కూర్చుండవలసిన చిక్కుపెట్టినది. నరసింహ దానిని కొట్టలేదు. పడుగు నడుమ పేకపోగును అటునిటు లాగెడు నాడెను చేతబట్టి మగ్గపు చెక్కమీద టక్కున కొట్టెను. కూన ఉలికిపడి పారిపోయెను. మరల వచ్చెను, మరల టక్కుమనెను. ఆ విధముగా కొన్నాళ్లకు బంగారి నూలును చూచిన ప్రక్కకు తొలగు మహావ్రతమును పూనెను. పోగు నేలమీద నున్న దాటదు, చుట్టి పోవును. నూలు ముట్టని పిల్లి యని దాని కీర్తి వాడ దాటి, ఊరు దాటి, చండూరు సాలెవారి చెవిని సోకెను. చూడ వచ్చినవారి ముందర నరసింహ నూలుచిలుపను దాని తలపై వ్రేలాడదీసి, అది కదలకుండుట చూపి మీసము దువ్వుకొనెడువాడు. కొడుకు పదవ తరగతి గట్టెక్కిన నాడు కూడ ఆయన అంత గర్వపడలేదు. ఇన్నేండ్లు అది ఆ వ్రతమును ఎలుకలు నూలులో దాగినపుడు కూడ భంగపరచలేదు. ఇప్పుడు కాళ్లు బిగుసుకొని చచ్చుటకైనను సిద్ధపడినదిగాని నూలు ముట్టుటకు సిద్ధపడలేదు.

నరసింహకు సిగ్గు వేసెను. అంతకు మించి దుఃఖము వచ్చెను. మరునాడు మధ్యాహ్నము వాడ భోంచేసి కునుకు తీయువేళ ఆయన బంగారి ప్రక్కన నేలమీద కూర్చుండి దానికి శాసనవిమోచనము గావించెను: "ఓసి వ్రతనిష్ఠాగరిష్ఠా! నాడు నేను విధించిన కఠోరనియమమును నేడు నేనే ఉపసంహరించుచున్నాను. ఇకనుండి పడుగును నీదే, పేకయు నీదే. యథేచ్ఛగా చీల్చుము, చుట్టుము, చిక్కువేయుము!" అనగా, "ముట్టుకోవే, నేనేమన" అని చెప్పి దాని తల నిమిరెను. బంగారి కన్నులు మూసికొనెను. శాసనమును విధించుటకు ఒక్క చప్పుడు చాలును. ఎత్తివేయుటకు మాటలు చాలవు. నరసింహ నిట్టూర్చి, కర్మయనుకొని, గుంటలోనికి దిగి, నాడె చేతబట్టెను.

అప్పుడు విధివశమున, ప్రక్కనున్న గంపనుండి ఒక కండె జారెను.

అది తుక్కు నూలు కండె కాదు. వారముల తరబడి కట్టి, అద్ది, ఆరబెట్టి, వరుస తప్పకుండ చుట్టిన చిలుకల అంచు కండె. దానిమీది నూలు చిక్కుపడెనా, చిలుక ముక్కు పోయి చిలుక వీపున మొలచును. ఆ కండె నేలబడి, టపటప దొరలుచు, వెనుక పచ్చని పోగును విడుచుచు, బంగారి ముక్కు ముందరగా సాగిపోయెను.

బంగారి చెవులు నిక్కెను. తోక కొన వణకెను. నరసింహ ఏండ్ల తరబడి చూడనిది, చూచి మరచినది, ఆనాడు చూచెను: ఆ ముసలి నడుము నేలకు కరచుకొని, వెనుకభాగము అటునిటు ఊగులాడెను.

అప్పుడు జరిగినది మహాసంగ్రామము. అది నేలమీద కాదు, నరసింహ కుడిభుజమునందు జరిగెను. ఇన్నేండ్ల అభ్యాసమను అక్షౌహిణి ఒకవైపు మోహరించి, నాడె నెత్తుము, చెక్కమీద కొట్టుము, చిలుకలను కాపాడుమని భేరీలు మ్రోయింప, రెండవవైపున ఒంటరి కాల్బంటుగా ఆయన భయము మాత్రము, ఆ గూడు బోసిపోవునేమోనను భయము మాత్రము, నిలిచి పెనుగులాడ, నాడె పట్టిన చేయి తనంత తాను పైకి లేచి, చెక్కకు జానెడు దూరము వచ్చి, అచ్చట ఆగి, క్రిందికి దిగకను పైకి పోకను నిలువగా, ఆ నేతవీరుడు ఎడమచేతితో కుడిచేతిని పట్టి, నాడెను మెల్లగా ఒడిలో పెట్టి, కుడి అరచేతిని తన తొడక్రింద దోపి దానిమీద కూర్చుండెను.

బంగారి ఆయనవంక చూచెను. టక్కుమను చప్పుడుకై వేచెను. చప్పుడు రాలేదు.

అది ఒక పంజా చాచి పోగును తాకెను. తాకి, తీసికొని, మరల ఆయనను చూచెను. నరసింహ పైకప్పులోని సాలెగూటిని ఎన్నడును చూడనట్లు చూచుచుండెను.

అప్పుడు బంగారి దుమికెను. ఎంత దూరమందురా? చెప్పిన నవ్వెదరు, జానెడు. కాని నాలుగు కాళ్లును నేల విడిచినవి. కండె ఎగిరిపడి మంచము క్రిందికి పోయెను. బంగారి కుంటుచు, గంతులు వేయుచు, పోగును నోట కరచి, మంచపుకోడును చుట్టి, కుర్చీకాలును చుట్టి, రమ చెప్పులజతను చుట్టి, తనను తానే చుట్టుకొని, వెల్లకిల పడి, వెనుకకాళ్లతో చిలుకల వంశమును చీల్చి చెండాడెను.

అలికిడికి అండాలు వంటింటినుండి గరిటెతో వచ్చి గుమ్మమున నిలిచెను. నేలమీది నూలును చూచెను. ఆమె నోరు తెరచునంతలో నరసింహ చేయి అడ్డముంచెను.

"సప్పుడు జెయ్యకు. ఆడుతాంది."

 అండాలు కన్నులు తడి యయ్యెను. పొయ్యిమీది తాలింపు పొగయని ఎవరును అడుగకమునుపే చెప్పెను. పిమ్మట లోకజ్ఞానము కలది కావున, చీర మాట ఎత్తెను.

"గా చిలుకలకు ముక్కులు?"

"ముక్కు లేకున్నా చిలుక చిలుకే," అని నరసింహ గుంటలోనుండి పైకి వచ్చెను.

వచ్చి, పుట్టినది మొదలు ఆట ఎరుగని ఆ మహానుభావుడు, మోకాళ్లమీద వంగి, మంచము క్రిందికి తల దూర్చి, పోగు ఈవలి కొనను రెండు వ్రేళ్లతో పట్టి మెల్లగా గుంజెను.

ఆవలినుండి బంగారి గుంజెను.

ఆయన మరల గుంజెను. అది ఇంకను గట్టిగా గుంజెను. చిటికికళాధురంధరుని వ్రేళ్లనుండి పోగు జారిపోయెను. ఈ ప్రకారముగా గట్టుప్పల్ సంగ్రామమున మార్జాలరాజ్ఞి బంగారికి మూరెడు పచ్చనూలు వశమై, సంపూర్ణ దిగ్విజయము సిద్ధించెను. ఓడిన నరసింహ మంచము క్రిందనే బోర్లా పడుకొని, ఇంకొక కండె అందిమ్మని అండాలును అడిగెను.